ముగ్గు మీద అడుగు

అల్లుడూ,

నువ్వు పంపిన షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. మొదటి రెండు నిమిషాల్లోనే అర్ధరాత్రి, వాన, హుడీ వేసుకున్న మనిషి, కత్తి, శవం, పోలీసు సైరన్, వీటన్నిటి మీదా వాయిస్ ఓవర్! ఒకే విస్తట్లో ఇన్ని వడ్డిస్తే దేని రుచీ తెలీదు రా. పైగా వాన కావాలంటే ట్యాంకర్ నీళ్లు, మోటారు, పైపు పట్టుకునే మనుషులు కావాలి. మీ నలుగురి పాకెట్ మనీ ఆ ఒక్క రాత్రికే ఐపోతుంది.

కెమెరా ముట్టుకునే ముందు ఒక్కటి తేల్చుకో. చూసేవాడికి ఏం తెలియాలి? తెర మీద మనిషికి ఏం తెలియకూడదు? సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు సంగతి వినే ఉంటావు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే టేబుల్ కింద బాంబు హఠాత్తుగా పేలితే 15 సెకన్ల ఉలికిపాటు. అదే బాంబు అక్కడుందని మనకి ముందే తెలిస్తే 15 నిమిషాల టెన్షన్. నీ స్క్రిప్ట్‌లో అన్నీ పేలిపోతున్నాయి, టేబుల్ కింద ఏమీ లేదు.

ఊళ్లో మన ఇల్లు ఉంది కదా, అక్కడే తియ్యి. తెల్లవారుజాము. అమ్మమ్మ కల్లాపి చల్లి ముగ్గు వేసి, తలుపు దగ్గరగా వేసి, పాలకి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి ముగ్గులో ఓ మూల చెరిగి ఉంటుంది. మడమ గుర్తు, వేళ్లు గుమ్మం వైపు. బయటికొచ్చిన గుర్తు మాత్రం లేదు. అది మనం చూస్తాం. ఆవిడ చూడదు. పక్కింటావిడ ఏదో అడిగితే వెనక్కి తిరిగి జవాబు చెబుతూ లోపలికెళ్లిపోతుంది. లోపల ఎర్ర గచ్చు మీద తెల్లటి అడుగులు మూడు. నాలుగోదాని దగ్గరికి కాలికంటిన పిండి అయిపోతుంది. అక్కడ టైటిల్ వెయ్యి. వాడెటు వెళ్లాడో జనమే వెతుక్కుంటారు.

ఇది ఏడెనిమిది షాట్ల పని. అయితే చెరగని ముగ్గుని ముందు తీరిగ్గా, కనీసం మూడు సెకన్లు చూపించాలి. లేకపోతే చెరిగిందని ఎవరికి తెలుస్తుంది? బొమ్మలు రాకపోతే పుల్లల మనుషుల్ని గీసైనా సరే స్టోరీబోర్డ్, అంటే షాటుకో బొమ్మ చొప్పున, వేసుకో. కథ వరసలో తీయకు. ముగ్గు బాగున్న షాట్లన్నీ అయ్యాకే అడుగు పడాలి. పడ్డాక ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో, మళ్లీ వేయాల్సొస్తే అదే చోట పడాలి కదా. ఇంకో తంటా, ఆ నీలి వెలుగు అరగంట కూడా నిలవదు. కాబట్టి వైడ్ షాట్లు ఒక తెల్లవారుజామున, దగ్గరి షాట్లు మర్నాడు అదే వేళకి పెట్టుకో.

లోపలి షాట్లకి ట్యూబ్‌లైట్ వాడతావేమో. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి యాభైసార్లు ఊగుతుంది; షటర్ దానికి కుదరకపోతే బొమ్మ మీద చారలొస్తాయి. సెకనుకి 24 ఫ్రేములు తీస్తుంటే షటర్, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుగు పడే సమయం, సెకనులో 50వ వంతు పెట్టు, ఫోన్‌ని ఆటోలో వదలకు. నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో ఇది తెలియక రాత్రంతా తీసిన సీను మొత్తం చారలు చారలుగా వచ్చింది. ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఏడవడం ఒక్కటే తక్కువ.

మ్యూజిక్ తొందరపడి వేయకు. చీపురు, బకెట్ కడియం, ఎక్కడో కుక్క, చాలు. తలుపు మూసుకున్నాక బయటి శబ్దాలన్నీ ఆగిపోవాలి. ఆ నిశ్శబ్దం కోసం లోపల అందర్నీ నోరు మూసుకోమని ఒక నిమిషం ఉత్త గదినే రికార్డ్ చేసుకో. గుడి మైకులో పాట దూరితే మాత్రం టేక్ మళ్లీ తియ్యి, యూట్యూబ్‌లో కాపీరైట్ పడొచ్చు.

కత్తి సీను తర్వాతెప్పుడో రోడ్డు మీద తీస్తానన్నావు. స్టేషన్‌లో ముందే చెప్పి వెళ్లు. మేం బస్టాపులో ప్లాస్టిక్ తుపాకీ తీస్తే జనం పరిగెత్తారు, సాయంత్రం దాకా మేం స్టేషన్ బెంచీ మీదే.

అమ్మమ్మకి కెమెరా అంటే బెదురు లేదు గానీ, మోకాళ్లు ఒక్క ముగ్గుకే ఒప్పుకుంటాయి. మిగతా టేకులకి మీ అత్తయ్య వేస్తానంది. రెండు కిలోల పిండి తెచ్చుకో. ఆదివారం షాట్ లిస్ట్ పట్టుకురా, కూర్చుని చూద్దాం.

మీ మామయ్య