విచారణాధికారిని మార్చమని అడగవచ్చా?

ప్రశ్న: తిరుపతిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. చలానా సొమ్ము ఆలస్యంగా జమ చేశానని ఛార్జిమెమో (ఆరోపణల పత్రం) ఇచ్చారు. మొదట ప్రాథమిక విచారణ జరిపి, తప్పు నాదేనని రిపోర్టు రాసిన అధికారినే ఇప్పుడు శాఖాపరమైన విచారణకు విచారణాధికారిగా వేశారు. ఇంకో పన్నెండు రోజుల్లో మొదటి వాయిదా. ఆయన్ను మార్చమని అడగవచ్చా? అడిగితే కక్ష కడతారేమోనని టెన్షన్‌గా ఉంది. ‘ఇప్పుడు కదిలించొద్దు, రిపోర్టు వచ్చాక హైకోర్టులో చూసుకుందువు’ అంటున్నారు తోటి ఉద్యోగులు. – పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: అడగవచ్చు. అడిగి తీరాలి, అదీ మొదటి వాయిదాకు ముందే. మీ తోటివాళ్లు మీ మేలు కోరే చెప్పి ఉంటారు గానీ, ఆ మాట వింటే చేతిలో ఉన్న హక్కు చేజారిపోతుంది.

ఎలాగంటే, మాణక్‌లాల్ అనే రాజస్థాన్ న్యాయవాది మీద వృత్తిపరమైన దుష్ప్రవర్తన ఫిర్యాదు వచ్చింది. దాన్ని విచారించిన ట్రిబ్యునల్ చైర్మన్ అంతకుముందు ఆ ఫిర్యాదీ తరఫునే కోర్టులో హాజరైనాయన. అలాంటి వ్యక్తి ఆ కుర్చీలో కూర్చోకూడదని సుప్రీంకోర్టు 1957లో ఒప్పుకుంది. అయినా మాణక్‌లాల్ ఓడిపోయాడు. ట్రిబ్యునల్ ముందు నోరు మెదపకుండా ఉండి, నివేదిక వ్యతిరేకంగా వచ్చాక ఈ అభ్యంతరం తెచ్చాడు కాబట్టి, ఆ హక్కును తానే వదులుకున్నట్టు లెక్కగట్టారు. అప్పటి నుంచి కోర్టులు ఇదే మాట మీద ఉన్నాయి. ఫలితం ఎటు తిరుగుతుందో చూసి అప్పుడు అడుగుదామనుకున్నవాళ్లకు ఉపశమనం దొరకడం కష్టం.

ఇక మీ కేసులో బలమెంత? ఒక అధికారి ప్రాథమిక విచారణ చేశాడన్న ఒక్క కారణానికే తర్వాతి విచారణ చెల్లదని నేననను. మీ ఛార్జిమెమోకు జతచేసిన అనుబంధాలు తీసి చూడండి. ఆధారంగా చూపే పత్రాల జాబితాలో ఆయన రిపోర్టు ఉందా? సాక్షుల జాబితాలో ఆయన పేరు ఉందా? ఉంటే మీ అభ్యంతరానికి గట్టి పునాది ఉన్నట్టే. ఆ రిపోర్టును ఎదుర్కోవాలంటే దాన్ని రాసినాయన్ను మీరు క్రాస్ ఎగ్జామిన్ చేయాలి. ఆయనేమో విచారణాధికారి కుర్చీలో ఉంటారు. ప్రశ్నలు ఎవరిని అడుగుతారు? మహమ్మద్ నూహ్ అనే ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ కేసులో విచారణ జరుపుతున్న అధికారే మధ్యలో లేచి సాక్ష్యమిచ్చి, మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. దాన్ని సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుబట్టింది. (ఆ కానిస్టేబుల్‌కు మాత్రం ఉపశమనం దక్కలేదు. తొలగింపు ఉత్తర్వు రాజ్యాంగం రాకముందుది కావడమే దానికి కారణం.)

ఆయన నిజంగా పక్షపాతి అని మీరు రుజువు చేయనక్కర్లేదు. రంజిత్ ఠాకూర్ కేసులో 1987లో సుప్రీంకోర్టు చెప్పిన కొలమానం వేరు. తీర్పరి తన మనసులోకి చూసుకుని ‘నాకేం పక్షపాతం లేదే’ అనుకుంటే చాలదు, ఎదుట నిలబడ్డవాడి మనసులోకి చూడాలి. ఆ భయానికి సహేతుకమైన కారణం ఉంటే చాలు. ‘గట్టిగా మాట్లాడారు’, ‘వాయిదా ఇవ్వలేదు’, ‘ఫిర్యాదుదారుడి కులం వాడు’ అన్నవి మాత్రం రాయకండి. అవి నిలబడవు, ఉన్న బలాన్ని కూడా తగ్గిస్తాయి.

దరఖాస్తు ఆయన్ను నియమించిన క్రమశిక్షణాధికారికి రాయాలి, నకలు విచారణాధికారికి పంపాలి. ఒక పేజీ దాటనివ్వకండి. ‘ఫలానా తేదీ నాటి ప్రాథమిక నివేదికలో నేనే బాధ్యుడినని వీరు అభిప్రాయం వెల్లడించారు. ఆ నివేదికే ఇప్పుడు నాపై ఆధారంగా ఉంది. కనుక మరొక అధికారిని నియమించి, అంతవరకు విచారణ నిలిపివేయ ప్రార్థన’. ఇంతే. ఒక్క విశేషణం కూడా వద్దు. కక్ష భయానికి కూడా ఇదే మందు: ఆయన్ను తిట్టరు, ఆయన రాసిన కాగితాన్నే చూపిస్తారు. కార్యాలయంలో వచ్చిన కాగితాలు తీసుకునే తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద తేదీతో సీలు వేయించుకోండి. సీలు వేయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

కేంద్ర ఉద్యోగులకు, ఉదాహరణకు తపాలా శాఖవారికి, 1972 నవంబరు 9 నాటి కేంద్ర ఉత్తర్వు ఒకటుంది. విచారణాధికారి మీద పక్షపాతం ఆరోపిస్తూ దరఖాస్తు పెడితే విచారణ ఆపి, దాన్ని పై అధికారి నిర్ణయానికి పంపాలి. మీరు రాష్ట్ర ఉద్యోగి కాబట్టి అది నేరుగా మీకు వర్తించదు. అందుకే నిలిపివేత మీరే స్పష్టంగా అడగాలి.

జవాబు రాకుండానే వాయిదా రోజు వచ్చేస్తే మానేయకండి. ఇదే నేను ఎక్కువగా చూసే పొరపాటు. అలిగి వెళ్లకపోతే మీరు లేకుండానే విచారణ ముగించేస్తారు. వెళ్లండి. ఆ రోజు ప్రొసీడింగ్స్ కాగితం మీద సంతకం పెట్టే ముందు ‘విచారణాధికారి మార్పు కోరుతూ ఇచ్చిన దరఖాస్తు పెండింగులో ఉంది, ఆ అభ్యంతరానికి లోబడి హాజరయ్యాను’ అని మీ చేత్తో రాయండి. నకలు అడిగి తెచ్చుకోండి.

దరఖాస్తు తిరస్కరిస్తే అమరావతిలోని హైకోర్టులో దాన్ని సవాలు చేస్తూ రిట్ పిటిషన్ వేయవచ్చు. విచారణ మధ్యలో కోర్టు అంత సులభంగా జోక్యం చేసుకోదు, తిరుపతి నుంచి రానుపోను ఖర్చూ ఉంటుంది. కానీ అప్పుడైనా, తుది ఉత్తర్వు మీద అప్పీలుకు వెళ్లినప్పుడైనా ముందు అడిగేది సీలు పడిన ఆ ఒక్క పేజీ నకలే. ఈ వారంలోనే ఇచ్చేయండి.