జటాయువుకి చితి పేర్చే ముందు

తమ్ముడూ,

కథ చదివాను. గుట్ట కింద రాలిపడిన రాబందు మీద ముసలాయన తన కండువా కప్పడం, జటాయువని మొక్కి చితి పేర్చడం, పోయిన కొడుకు మీది దుఃఖం ఆ మంటల్లో చల్లారిపోవడం... పత్రికవాళ్లు వేసుకుంటారు, అనుమానం లేదు. నా పేచీ ఆ చల్లారడం దగ్గరే. పక్షి చచ్చి పూట గడవలేదు, అప్పుడే దాన్ని మోక్షానికి పంపేశావు. అసలది ఎందుకు చచ్చిందని కథలో ఒక్కరూ అడగరు.

జటాయువుని తెచ్చింది నువ్వే కాబట్టి వాల్మీకి దగ్గరికే వెళ్దాం. క్రౌంచ పక్షి నేలకొరిగినప్పుడు ఆయన నోట ముందు వచ్చింది ఓదార్పు కాదు, శాపం. బాణం వేసినవాణ్ణి ఎదురుగా పెట్టుకుని అన్న మాట. అది శ్లోకమైందన్న ఆశ్చర్యం తర్వాతి సంగతి. జటాయువు ఘట్టమూ అంతే. ఆ పక్షి ఎవరితో పోరాడిందో, రెక్కలెలా తెగాయో మనకి తెలిశాకే రాముడు తండ్రికి చేసినట్టు దహనం చేస్తాడు, గోదావరికి వెళ్లి ఉదకం వదులుతాడు. మధ్యలో ఇంకొకటుంది, చాలామంది దాటేస్తారు. ఆ కర్మకాండ కోసం రాముడు రోహి మృగాల్ని వేటాడి మాంసం తెస్తాడు. ఒక అడవిప్రాణి అంత్యక్రియకి మరో అడవిప్రాణి చావు! వాల్మీకి దాన్ని దాచలేదు, సంజాయిషీ కూడా ఇవ్వలేదు. ఆ ఘట్టంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ మొండితనమే.

ఇక నీ రాబందు ఎలా చచ్చి ఉంటుందో చూడు. పశువుకి జ్వరమొచ్చినా, కాలు వాచినా డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది వేసేవారు. ఆ పశువు చస్తే ఊరి బయట పడేసేవారు. గుంపుగా దిగిన రాబందులు ఆ మాంసంతో పాటు మందునీ తినేవి. మూత్రపిండాలు పాడై, మెడ వేలాడేసుకుని కూర్చుని, చివరికి రాలిపోయేవి. కోసి చూస్తే లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లగా యూరిక్ ఆమ్లం. కారణం ఈ మందేనని 2004లో గానీ తేలలేదు. 1990ల మొదట్నుంచి 2007 నాటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఆ లోటు ఎన్నాళ్లకి పూడ్చుకోవాలి? ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద మిగిలిన పొడుగు ముక్కు రాబందుల గూళ్లకి అటవీశాఖ మనుషుల్ని కాపలా పెట్టాల్సి వచ్చింది.

ఇందులో దుర్మార్గుడెవడూ లేడు, గమనించావా? ఆవు బాధ చూడలేక వేయించిన సూది అది. రావణుడు లేని జటాయు వధ రాయాలి నువ్వు. కష్టమే.

చావులో దేవుణ్ణి చూడొద్దని నేననను. కొడుకుని పోగొట్టుకున్నవాడికి ఊరట ఎక్కడో ఒకచోట దొరకాలి. కానీ అది ఆ పక్షి బతుకులోంచి రానీ. ఇంటి మీద వాలితే అరిష్టమని శాంతులు చేయిస్తాం, వడ్డీవ్యాపారిని తిట్టాలన్నా మనకి రాబందే కావాలి. అదేమో చచ్చినదాన్ని కుళ్లనివ్వకుండా తిని, పిల్లకి పెట్టి పెంచుతుంది. ముసలాయన దాన్ని చిన్నప్పట్నుంచీ చూసినవాడే కదా, నీ కథలో ఆ ఒక్క జ్ఞాపకం కూడా లేదేం?

నన్నడిగితే సూది పడిన ఆవు ముసలాయనదే కావాలి. అప్పుడు చితి పేర్చే చేతుల తీరు మారుతుంది. అంత్యక్రియ చేయాల్సింది రాబందుకి కాదు, ఆ ఆవుకే అని ఆయనకి తడితే, కళేబరం మీద ఇంకో పక్షి వాలకముందే గొయ్యి తవ్వడానికి పరిగెడితే, నీకు అసలు కథ దొరికినట్టే. మంత్రాలు తర్వాత చదువుకోవచ్చు.

ఒక జాగ్రత్త. పశువులకి ఈ మందుని 2006లోనే నిషేధించారు. కథ ఆ తర్వాత జరిగితే సీసా మనుషుల మందుల షాపులోంచి రావాలి. 2015 తర్వాతైతే పెద్ద సీసా కుదరదు, 3 మిల్లీలీటర్లవే కొనాలి, ఆవుకి ఒకటి చాలదు. ఎవరు కొనుక్కొచ్చారో రాయి. రాబందులకి హాని చేయని మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఉండగా అదెందుకు అడగలేదో కూడా. మొదటి పేజీలో గుట్ట వర్ణన మాత్రం ముట్టుకోకు, బాగుంది.

ఆశీస్సులతో,
అన్నయ్య