ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తం గడ్డకట్టడమా?

ప్రశ్న: మాది చిత్తూరు. 62 ఏళ్ల మా నాన్నగారికి ఎడమ కాలి రక్తనాళం పూడుకుపోతే తిరుపతిలో కృత్రిమ నాళం అమర్చి బైపాస్ చేశారు. ఏడో రోజున ప్లేట్‌లెట్లు 2.4 లక్షల నుంచి 80 వేలకు పడిపోయాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పడలేదని ఆపేసి వేరే మందు పెట్టారు గాని, ప్లేట్‌లెట్లు మాత్రం ఎక్కించలేదు. అది పొరపాటు కాదా? రెండు నెలలైంది, ఇప్పుడు గుండెకు యాంజియోగ్రామ్ చేయాలంటున్నారు. మళ్లీ అలా అవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: డెంగీ జ్వరాలు చూసి చూసి, ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే రక్తస్రావానికి భయపడటం మనకు అలవాటైంది. మీ నాన్నగారి విషయంలో ప్రమాదం అందుకు పూర్తిగా భిన్నమైనది. ప్లేట్‌లెట్ల నుంచి వెలువడే పీఎఫ్4 అనే ప్రోటీన్‌తో హెపారిన్ కలిసినప్పుడు, కొందరి శరీరం ఆ కలయికను పరాయిదిగా ఎంచి యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి ప్లేట్‌లెట్లను రెచ్చగొట్టి గడ్డలు కట్టిస్తాయి, ఆ గడ్డల్లో ఖర్చయిపోవడం వల్ల కూడా వాటి సంఖ్య తగ్గుతుంది. మందు మొదలైన 5 నుంచి 10 రోజుల మధ్య సంఖ్య సగానికి పైగా పడిపోవడం దీని ముఖ్య లక్షణం. అప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే గడ్డలకే మేత వేసినట్టవుతుంది గనుక, తీవ్ర రక్తస్రావం ఉంటే తప్ప ఎక్కించరు. కొత్త నాళం పూడుకుపోతే కాలికే ముప్పు కాబట్టి, హెపారిన్ ఆపడంతో సరిపెట్టక గడ్డకట్టనివ్వని అర్గట్రోబాన్ వంటి మరో మందు ఇస్తారు. మీ వైద్యులు చేసింది సరైన పనే.

ఈ యాంటీబాడీలు సాధారణంగా మూడు నెలల్లో కనుమరుగవుతాయి. అవి ఉండగానే హెపారిన్ మళ్లీ ఒంట్లోకి వెళితే, ఈసారి ఒక్క రోజులోనే ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. యాంజియోగ్రామ్‌లో హెపారిన్ వాడటం మామూలే గనుక గుండె వైద్యునికి ముందే చెప్పి, యాంటీబాడీ పరీక్ష చేయించమని అడగండి. అవి ఇంకా ఉంటే, తొందర లేని పరీక్షను వాయిదా వేయవచ్చు; తప్పనిసరైతే హెపారిన్ బదులు బైవాలిరుడిన్ అనే మందు వాడవచ్చు. చేతికి పెట్టిన సూది మూసుకుపోకుండా నర్సు ఎక్కించే కొద్దిపాటి హెపారిన్ కూడా పనికిరాదు; ఎనాక్సాపారిన్ అనే ఇంజెక్షన్ కూడా హెపారిన్ కోవలోదే, అదీ వద్దు.

ఆసుపత్రి ఫైలు అట్టమీద ‘హెపారిన్ పడదు’ అని ఎర్ర సిరాతో, తేదీతో సహా రాయండి. ‘రక్తం పలచబడే మందు పడదు’ అని మాత్రం రాయకండి. అది చదివి ఎవరైనా ఆస్పిరిన్ కూడా ఆపేస్తే, ఆ నాళం మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది.