మా తాత ట్రంకు పెట్టె, మూడెకరాల ఏడు సెంట్లు

"పదేళ్లుగా పోగైన పీడీఎఫ్‌లు, బిల్లులు, నోట్సు నా దగ్గర ఉన్నాయి. అన్నీ ఏఐకి ఇచ్చి, అడిగిందల్లా చెప్పే సొంత నాలెడ్జ్ బేస్ తయారు చేసుకోవచ్చా? ఎవరైనా చేసి చూశారా?" అని మీరు అడిగారు.

నేను చేశాను. మీరూ చేసుకోండి. కానీ ఫోల్డరంతా ఒక్కసారి ఎత్తిపోసి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టకండి. మా ఇంట్లో అలా చేసినందుకు ఒక సాయంత్రమంతా తగాదా నడిచింది. అది చెప్తేనే మీ ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

మాది తెనాలి పక్కన పల్లె. నాన్న పోయి ఏడాది తిరిగాక, పొలం పంపకాలు చేసుకుందామని బాబాయి అన్నారు. ఆయన కూతురి పెళ్లి దగ్గర పడింది, అడగడంలో తప్పేమీ లేదు. కాగితాలన్నీ తాత ట్రంకు పెట్టెలో ఉన్నాయి. క్రయ దస్తావేజులు, పారీఖత్తు (పంపకాల కాగితం), తనఖా కాగితం, శిస్తు రసీదులు, ఏవో ఉత్తరాలు. కొన్ని ముట్టుకుంటే మడత దగ్గర చిరిగిపోతున్నాయి. మా వైపు ఆన్‌లైన్‌లో తీసే ఈసీలో (పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలో) 1983కి ముందు లావాదేవీలు రావు, కాబట్టి అంతకు ముందు సంగతి తెలియాలంటే ఆ పెట్టే దిక్కు. రెండు రోజులు కూర్చుని అన్నీ ఫోన్‌తో స్కాన్ చేశాను. గొలుసుకట్టు రాతలో ఉన్నవాటిని చేతనైనంత టైపు చేశాను. మొత్తం తీసుకెళ్లి, పత్రాలు ఇస్తే వాటిలోంచి జవాబులు చెప్పే ఒక ఏఐ టూల్‌లో పెట్టాను. దాని పేరు ఇక్కడ అనవసరం, ఈ రకం టూల్స్ అన్నింటి తీరూ ఒకటే.

సాయంత్రం వసారాలో అందరం కూర్చున్నాం. బాబాయి, పిన్ని, అమ్మ, మంచం మీద నాయనమ్మ. "మా తాతకి మొత్తం ఎంత పొలం ఉంది?" అని తెలుగులోనే అడిగాను. 5 ఎకరాల 54 సెంట్లు అని చెప్పింది. కింద ఏ కాగితంలో ఎంత ఉందో వరసగా చూపించింది కూడా.

మా చేతిలో ఉన్నది 2 ఎకరాల 47 సెంట్లు.

బాబాయి ఫోన్ తీసుకుని రెండుసార్లు చదివారు. ఆ తర్వాత అమ్మ వైపు చూసి, "వదినా, మిగతా మూడెకరాల ఏడు సెంట్లు ఏమైనట్టు? అన్నయ్య నాతో ఎప్పుడూ అనలేదే" అన్నారు. నాన్న వ్యవహారాలన్నీ చూసేవాడు, బాబాయి చాలా ఏళ్లు బయట ఉద్యోగంలో ఉన్నారు. అందుకే ఆ మాటకి అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చనిపోయిన మనిషి మీద అనుమానం పడితే ఆయన వచ్చి చెప్పుకోలేడు కదా. అంత టెన్షన్ నేను జీవితంలో ఎప్పుడూ పడలేదు.

నాయనమ్మకి ఎనభై నాలుగేళ్లు. చదువు రాదు. "ఏ చెక్క గురించిరా?" అంది. పొలం ముక్కని మా వైపు చెక్క అంటారు. నేను డి.నెంబరు, అంటే సర్వే నెంబరు చదివాను. "నంబర్లు నాకెట్లా తెలుస్తాయిరా, హద్దులు చదువు" అంది. తూర్పు హద్దు పంట కాలువ అనగానే, "అది కాలవగట్టు చెక్క. ఎకరం ముప్ఫై ఏడు. మీ తాత కడుపు ఆపరేషన్‌కి తనఖా పెట్టాం. ఐదేళ్లకి పసుపు అమ్మి విడిపించుకున్నాం. చెల్లు రాయించాడు మీ తాత, కాగితం వెనక చూడు" అంది.

తిప్పి చూశాను. 1971 తనఖా కాగితం వెనక, 1976లో బాకీ మొత్తం ముట్టినట్టు చెల్లు, కింద సంతకం. నేను ముందు వైపే స్కాన్ చేశాను. ఇరవై మూడు కాగితాల్లో ఏ ఒక్కదాని వెనకా నేను చూడలేదు.

అంటే కాలవగట్టు చెక్క 1962లో కొన్న దస్తావేజులో ఒకసారి, తనఖా కాగితంలో ఇంకోసారి లెక్కలోకి వచ్చింది. ఇంకో 85 సెంట్లు 1968లో కొన్నారు, 1979లో మా మేనత్త పెళ్లికి అమ్మేశారు. అదీ రెండుసార్లు పడింది. కొన్న కాగితం సంగతి సరే, అమ్మిన కాగితంలో తాత ఆస్తిగా ఎలా కనపడింది అంటారా? పాత దస్తావేజు భాష చూడండి. అమ్మేవాడు ముందుగా "నాకు సర్వహక్కులు కలిగి నా స్వాధీనానుభవములో యున్న య.0-85 సెంట్ల భూమిని" అనే మొదలుపెడతాడు. అమ్మిన మాట చాలా దూరం పోయాక వస్తుంది. టూల్‌కి మొదటి ముక్క దొరికింది, తాతకి 85 సెంట్లు ఉన్నట్టు రాసుకుంది.

బాబాయికి ఇంకా తృప్తి కలగలేదు. "1979లో అమ్మేస్తే, అదే పొలానికి 1984లో శిస్తు ఎందుకు కట్టాడు?" అని ఫోన్ చూపించారు. టూల్ అలాగే చెప్పింది. అసలు రసీదు వెతికి ఆయన చేతిలోనే పెట్టాను. ఒక్క నిమిషం చూసి, "ఇది ఫసలీరా" అన్నారు. రసీదు మీద ఉన్నది ఫ.1384. ఫసలీ అంటే శిస్తు లెక్కలకి వాడే సంవత్సరం, దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది, అంటే 1974 జూలై నుంచి 1975 జూన్ దాకా. పొలం అమ్మడానికి నాలుగేళ్ల ముందు మాట. అడంగల్ (ఊరి పొలాల రికార్డు) చూసే అలవాటున్న రైతు ఎవరైనా పట్టేస్తాడు. టూల్ మాత్రం 1384 అచ్చుతప్పు అనుకుని, చెప్పకుండా దాన్ని 1984 చేసేసింది. బాబాయి లేచి వెళ్లి అమ్మ పక్కన కూర్చున్నారు. ఏమీ అనలేదు. అమ్మ కాఫీ పెట్టడానికి లేచింది.

ఇది ఎందుకు జరిగిందో ఆ తర్వాత నెలరోజులు చదివి తెలుసుకున్నాను. మీరు వందల కొద్దీ పత్రాలు ఇచ్చినప్పుడు ఇలాంటి టూల్స్ చాలావరకు ప్రశ్న అడిగిన ప్రతిసారీ అన్నీ మొదటి నుంచి చదవవు. పత్రాలను ముందే చిన్న ముక్కలుగా కోసి పెట్టుకుంటాయి. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న ముక్కలను ఏరి, వాటిని ఏఐ మోడల్ ముందు పెట్టి జవాబు రాయిస్తాయి. 2020లో ఫేస్‌బుక్ పరిశోధకులు ర్యాగ్ అని పేరు పెట్టిన పద్ధతి ఇదే. "ఫలానా దస్తావేజులో ఉత్తరపు హద్దు ఏమిటి" అంటే ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే జవాబు ఒకే ముక్కలో ఉంటుంది. "మొత్తం ఎంత", "చివరికి ఏం మిగిలింది", "ఎప్పుడు మారింది" లాంటివాటికి అన్ని కాగితాలూ కలిపి, ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడాలి. అక్కడే బోర్లా పడుతుంది. మనం అడగాలనుకునేవి ఎక్కువగా ఈ రెండో రకం ప్రశ్నలే.

ఇప్పుడు నా పద్ధతి వేరు. ప్రతి కాగితానికీ నా మాటల్లో పది లైన్ల చీటీ రాస్తాను. ఇది ఏ రకం కాగితం, ఎవరు ఎవరికి రాశారు, ఏ చెక్క, ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తాం, దీని ముందు కాగితం ఏది, తర్వాతది ఏది, ఈ రోజుకి ఇది చెల్లుతుందా లేదా. ఫసలీ పక్కన ఇంగ్లీషు సంవత్సరం. స్కాన్‌తో పాటు ఆ చీటీ కూడా టూల్‌కి ఇస్తాను. మామూలు టెక్స్ట్ ఫైలే, రేపు ఇంకో టూల్‌కి మారినా నాతోనే వస్తుంది. చీటీలు పెట్టాక అదే ప్రశ్న మళ్లీ అడిగితే 2 ఎకరాల 47 సెంట్లు అనే చెప్పింది, చీటీలనే ఆధారంగా చూపించింది.

చీటీలు కూడా ఏఐతోనే రాయిస్తే సరిపోతుంది కదా అని మా ఆఫీసులో కుర్రాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. నిక్లాస్ లూమాన్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త దాదాపు 90,000 చీటీలు చేత్తో రాసుకున్నాడు. ఈ నాలెడ్జ్ బేస్ వాళ్లందరూ ఆయన పేరే తలుచుకుంటారు, కానీ చదివినదాన్ని ఆయన తన మాటల్లో రాసుకునేవాడన్న సంగతి వదిలేస్తారు. కాలవగట్టు చెక్క అన్న పేరు మా కాగితాల్లో ఎక్కడా లేదు. ఏఐ దాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది?

పేర్లతో ఇంకో చిక్కు ఉంది. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతాం. మా ముత్తాత తండ్రి పేరూ, మా తాత పేరూ ఒకటే. టూల్ ఇద్దరినీ ఒక్క మనిషిని చేసి, ఆయన 1920ల్లో పొలం కొని 1979లో అమ్మినట్టు కథ అల్లింది. పాత దస్తావేజు లేఖరులు తండ్రి పేరు, వయస్సు తప్పకుండా రాసేవాళ్లు, ఇలాంటి గొడవ రాకూడదనే. మీ చీటీల్లో కూడా తండ్రి పేరు రాయండి.

తెలంగాణ వాళ్లయితే కొలత కూడా రాయండి. మా కాగితంలో 1-37 అంటే ఎకరం ముప్ఫై ఏడు సెంట్లు. మా చెల్లెలి అత్తగారిది నల్గొండ వైపు, వాళ్ల పహాణీలో (మా అడంగల్ లాంటిదే) 1-37 అంటే ఎకరం ముప్ఫై ఏడు గుంటలు, ఇంకో మూడు గుంటలు కలిస్తే రెండెకరాలు. అంకెలు అవే, భూమిలో అర ఎకరానికి పైగా తేడా. రెండు కుటుంబాల కాగితాలు ఒకే చోట పెడితే ఏమవుతుందో ఊహించండి.

ఇంకో మాట. దయచేసి కాగితాలను వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపించుకోకండి. సైజు తగ్గించేస్తుంది, వత్తులు మాయమవుతాయి. ద, ధ తేడా చెరిగిపోతే ఇంటి పేరే మారిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. అలాగే మీ దగ్గర పాత తెలుగు పీడీఎఫ్‌లు ఉంటే ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లతో చేసినవైతే, తెరమీద చక్కని తెలుగు కనపడుతుంది, కాపీ చేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. టూల్ దాంట్లోంచి అక్షరాలను నేరుగా లాగితే దానికి దొరికేవీ అవే. అలాంటివాటిని బొమ్మలుగా మార్చి ఓసీఆర్ చేయించాలి, అంటే బొమ్మలోని అక్షరాలను గుర్తించి టెక్స్ట్‌గా మార్పించాలి. మన ఊళ్ల చరిత్రలు, కుల సంఘాల సంచికలు, దేవస్థానాల పుస్తకాలు ఎన్నో ఇలా ఇరుక్కుపోయి ఉన్నాయి. ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆధార్ కార్డులు, బ్యాంకు పాసుబుక్కులు, ఆసుపత్రి రిపోర్టులు ఆన్‌లైన్ టూల్‌లో పెట్టకండి. అవీ కావాలంటే ఒల్లామా లాంటి ప్రోగ్రాం వేసుకుని మీ సొంత కంప్యూటర్‌లోనే మోడల్ నడపొచ్చు. చిన్న మోడళ్లకి తెలుగు అంత బాగా రాదు, అందుకే చీటీలు ఇంకా ముఖ్యం.

మీ పదేళ్ల ఫోల్డర్ విషయానికి వస్తే, అన్నీ ఒకేసారి ముట్టుకోకండి. ఒక ఇరవై కాగితాలు తీయండి, వాటికి చీటీలు రాయండి. జవాబు మీకు ముందే తెలిసిన పది ప్రశ్నలు అడగండి. ఎక్కడ తప్పు చెప్పిందో చూసి ఆ చీటీ సరిచేయండి. ఆ తర్వాతే మిగతావి. నాకు ఇరవై మూడింటికి ఆరు వారాలు పట్టింది, ఎందుకంటే ప్రతిదాన్నీ నాయనమ్మకి చదివి వినిపించాను. ఆవిడ చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసి, దాన్నీ టైపు చేసి ఆ కాగితంతో జత చేశాను. బాబాయి కూడా ఇప్పుడు పక్కన కూర్చుంటున్నారు. నాన్న గురించి నాకు తెలియని సంగతులు ఆ రికార్డుల్లో చాలా ఉన్నాయి.

ఒక్క కాగితం మిగిలిపోయింది. ఎవరో ఒకావిడకి తాత ప్రతి ఏడూ రెండు బస్తాల వడ్లు కొలిచి ఇస్తానని రాసిన చీటీ, తేదీ లేదు. పేరు చదివితే నాయనమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత చెప్తాలే అంది. ఈ ఆదివారం మళ్లీ ఊరెళ్తున్నాను.