పుట్టింట్లో ఉన్న పాప ఎవరి లిస్టులో?

(గుంటూరు జిల్లాలో ఏఎన్ఎంగా చేరి, సూపర్‌వైజరుగా రిటైరైన నర్సమ్మ పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి కాపురం విజయవాడలో. పురిటికి మా ఊరు తీసుకొచ్చాం, తెనాలి పక్కనే. 32వ వారంలోనే నొప్పులొస్తే గుంటూరు పరుగెత్తాం. ఆడపిల్ల, 1,650 గ్రాములు. 22 రోజులు బాక్సులో ఉంచి ఇంటికి పంపారు. వచ్చి నాలుగు రోజులైంది. మా ఊరి నర్సమ్మ "ఈ పాప మా లిస్టులో లేదు, టీకాలు విజయవాడలో వేయించుకోండి" అంటోంది. తెనాలిలో ఒక డాక్టరుకు చూపిస్తే, బరువు 40 గ్రాములు తగ్గింది, డబ్బాపాలు పట్టమన్నారు. గుంటూరు వాళ్ల కాగితంలో తల్లిపాలే అని ఉంది. దాని కిందే 'ఆర్‌ఓపీ' అని రాశారు, అదేమిటో మాకు తెలియలేదు. ఎవరి మాట వినాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక అమ్మమ్మ, తెనాలి దగ్గర

జవాబు: వదిన గారూ, మీ ప్రశ్న వాట్సాప్‌లో రావడం మంచిదైంది. పత్రిక అచ్చయ్యేదాకా ఆగితే పాపకు నెల దాటిపోయేది. అందుకే ఆ సాయంత్రమే మీకు ఫోన్ చేశాను. మీతో చెప్పిందే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, ఇలాంటి కాగితం ఇంకెవరి సంచిలోనైనా ఉండొచ్చు.

మీరు చివర్లో రాసిన ఆ మూడక్షరాలే నన్ను భయపెట్టాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కంటి వెనక పొరలో రక్తనాళాలు పూర్తిగా అల్లుకుని ఉండవు. బయటికొచ్చాక అవి అడ్డదిడ్డంగా పెరిగితే ఆ పొర ఊడి వచ్చే ప్రమాదం ఉంది. దాన్నే ఆర్‌ఓపీ అంటారు. బయటికి కన్ను చక్కగానే కనిపిస్తుంది, మనం చూసి కనిపెట్టలేం. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా, పుట్టిన 30 రోజుల్లోపు కంటి డాక్టరు చుక్కలు వేసి లోపలి పొర చూడాలి. మరీ చిన్న పిల్లలకైతే ఇంకా ముందే. మీ పాపకు అప్పటికి 26 రోజులు. టీకా, డబ్బాపాలు అన్నీ తర్వాత, రేపు పొద్దున్నే గుంటూరు వెళ్లండని అందుకే గట్టిగా చెప్పాను.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట నా ఏరియాలో ఒక మగబిడ్డ, కిలో నాలుగు వందలు. వేరే ఊరి ఆసుపత్రిలో పుట్టి, అమ్మమ్మగారింట్లో రెండు నెలలుండి, మా ఊరికి వచ్చాడు. నేను వెళ్లాను, బరువు చూశాను, టీకా వేశాను, రిజిస్టరులో 'బాగున్నాడు' అని రాశాను. డిశ్చార్జి కాగితం చూపించమని మాత్రం అడగలేదు. అయిదో నెలలో ఆ తల్లి "అక్కా, వీడు నా మొహంలోకి చూడట్లేదు" అంది. అప్పుడు వెతికితే, రెగ్జిన్ బ్యాగులో పాత చీర కింద దొరికింది కాగితం. కంటి పరీక్ష తేదీ రాసే ఉంది. ఆసుపత్రి రాసింది, తల్లికి అర్థం కాలేదు, నేను అడగలేదు. ఆ పిల్లాడికి చూపు రాలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ గుమ్మం ఎక్కినా నేను ముందు అడిగింది కాగితమే.

ఇక లిస్టు సంగతి. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, గర్భిణి పేరు మాత్రం కాపురమున్న చోట రిజిస్టరులో ఉంటుంది. పైగా మీకు రెండు జిల్లాలు: విజయవాడ ఎన్టీఆర్ జిల్లా, మీది గుంటూరు. పుట్టాక 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆశా ఇంటికొచ్చి చూడాలని లెక్క. విజయవాడ ఆశా వెళ్తే తాళం కప్ప కనబడుతుంది. మీ ఊరి ఆశాకేమో పాప పుట్టినట్టే తెలియదు. మీ నర్సమ్మను నేను తిట్టను, లిస్టు చూసి పనిచేయమని మాకు నేర్పింది పైవాళ్లే. కానీ టీకాకు ఊరితో పనిలేదు. తల్లీబిడ్డల కార్డు పట్టుకుని ఏ టీకా రోజున వెళ్లినా వేయాలి. మళ్లీ కాదంటే పీహెచ్‌సీ డాక్టరును అడగండి. క్షయ రాకుండా వేసే బీసీజీ ఇంకా పడలేదని ఫోన్‌లో అన్నారు, ఏడాదిలోపు వేయవచ్చు కానీ ఆలస్యం చేయకండి. ఆరు వారాల టీకాలు పుట్టిన తేదీ నుంచే లెక్క, "నెలలు తక్కువ పిల్ల కదా, ఇంకో రెండు నెలలు ఆగుదాం" అనేవాళ్ల మాట వినొద్దు.

డబ్బాపాల గురించి: గుంటూరు త్రాసు వేరు, తెనాలి త్రాసు వేరు. 40 గ్రాములంటే ఒక తడిసిన గుడ్డ. ఒకే త్రాసు మీద, బట్టల్లేకుండా, మూడు రోజుల తేడాతో రెండుసార్లు తూయించండి. రోజుకు 20 గ్రాములకు అటూ ఇటూగా పెరుగుతుంటే తల్లిపాలు సరిపోతున్నట్టే. పెరగకపోతే డబ్బా కొనకండి, పాపను చూసిన గుంటూరు డాక్టరు దగ్గరికే వెళ్లండి. పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 సార్లకు పైగా ఊపిరి తీస్తున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. మామూలు వేళల్లో పాపను వాళ్లమ్మ గుండెకు ఒళ్లు తగిలేలా కట్టుకోవాలి. ఆమె స్నానానికి వెళ్తే మీరు కట్టుకోండి, అమ్మమ్మ ఒంటి వేడీ పనిచేస్తుంది.

మొన్న మీరే ఫోన్ చేసి చెప్పారు, పరీక్ష అయింది, రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారని. ఆ తేదీ కార్డు అట్ట మీద ఎర్ర సిరాతో రాయించండి. మూడో నెలలో అమ్మాయిని విజయవాడ పంపేటప్పుడు సారెతో పాటు ఆ కాగితాల జిరాక్సు కూడా పెట్టండి. బయల్దేరే ముందే అక్కడి ఆశాకు మీ ఊరి ఆశా చేత ఫోన్ చేయించండి.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. అంగన్‌వాడీకి వచ్చిన డాక్టరు 'గుండెలో శబ్దం' అని చీటీ రాశారు. బాబు బాగానే ఆడుకుంటున్నాడు. వెళ్లాలా?
- ఒక తండ్రి, గుణదల, విజయవాడ

జవాబు: వెళ్లాలి బాబూ. ఆ వచ్చింది ఆర్‌బీఎస్‌కే బృందం, అంటే పిల్లల ఆరోగ్యం చూడటానికి 2013లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం వాళ్లు, అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూస్తారు. ఆ వయసు పిల్లల్లో ఇలాంటి శబ్దం చాలామందికి ఏ జబ్బూ లేకుండానే వినిపిస్తుంది. ఏది మామూలుదో, ఏది కాదో ఎకో పరీక్షలో, అంటే గుండె స్కానింగులో తేలుతుంది. ఎకో ఎక్కడ తీస్తారో, ఏ రోజు రమ్మంటారో చీటీ ఇచ్చిన బృందాన్నే అడగండి, అక్కడిదాకా పంపించడం కూడా వాళ్ల పనిలో భాగమే. చీటీని మాత్రం ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోకండి.