ఊళ్లో నాన్న కీప్యాడ్ ఫోన్‌కి సిగ్నల్ లేదు, స్మార్ట్‌ఫోన్ కొనివ్వాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఊరు శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి వైపు, మీరు హైదరాబాద్‌లో. నాన్నగారికి 2008 నుంచి ఒకటే నంబరు, పాత కీప్యాడ్ ఫోను. ఇంట్లో మాట వినపడదు, వీధిలోకొస్తే బాగానే పలుకుతుంది. నెలనెలా రీచార్జి మాత్రం పోతోంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు స్మార్ట్‌ఫోన్ కొనివ్వాలా, కంపెనీ మార్చాలా అని అడిగారు.

స్మార్ట్‌ఫోన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. పాతపట్నంలో 2006 నుంచి 2019 దాకా రీచార్జి కొట్టు నడిపినవాణ్ని. పండక్కి కొడుకు కొనిచ్చిన పెద్ద ఫోను కనుమ దాటాక బీరువాలోకి వెళ్లడం ఏటా చూసేవాణ్ని. ఫిబ్రవరికల్లా ఆ పెద్దాయన మళ్లీ పాత ఫోనుకి బ్యాటరీ కొనడానికి నా దగ్గరికే వచ్చేవాడు.

ముందు ఒకటి చెప్పండి, ఈమధ్య మీ ఇంటికి శ్లాబు వేశారా? నవ్వకండి. మా కొట్టుకి వచ్చిన "సిగ్నల్ లేదు" గొడవల్లో సగానికి కారణం ఇదే. పూరింట్లోనో పెంకుటింట్లోనో ఉన్నన్నాళ్లు మంచం మీద పడుకుని మాట్లాడినవాళ్లు, కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం అయిన వారానికే వచ్చి "ఫోను పాడైపోనాది బావూ" అనేవారు. ఫోనుకేం కాలేదు. కాంక్రీటు, అందులో ఇనపచువ్వలు, కిటికీలకి రేకు తలుపులు, ఇవన్నీ సిగ్నల్‌ని మింగేస్తాయి. టవరు దూరమైతే మిగిలిన కాస్తా ఆ గోడ దగ్గరే ఆగిపోతుంది. వీధిలో పలికి ఇంట్లో పలకకపోవడం అంటే నూటికి తొంభై వంతులు ఇదే. దానికి ఇరవై వేల ఫోను కొన్నా గోడ గోడే కదా.

రెండో కారణం మన సరిహద్దు. మీరు హైదరాబాద్ వెళ్లాక మర్చిపోయి ఉంటారు గానీ, మనకి ఏరు దాటితే పర్లాకిమిడి, అంటే ఒడిశా సర్కిల్, ఫోను కంపెనీల లెక్కలో వేరే ప్రాంతం. కొట్టు పెట్టిన కొత్తలో దీనితో నేను పడ్డ మాటలు ఇన్నీ అన్నీ కావు. ఒకాయన పదిరూపాయల కార్డు గీకించుకుని వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చి బ్యాలెన్సు సగం ఏమైందని నన్ను నిలదీశాడు. ఆయన ఏటి గట్టు మీద కూర్చుని మాట్లాడాడు, ఫోను ఒడిశా టవరుని పట్టుకుంది, వచ్చిన కాలుకి కూడా రోమింగ్ కోసేసింది. ఆయనకి సర్కిల్ అంటే ఏమిటో చెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. "నానెక్కడికీ ఎల్లనేదు, మా ఊళ్లోనే ఉన్నాను, రోమింగేటి?" అన్నాడు. నిజమే కదా మరి. ఇప్పుడు ఆ చార్జీ లేదు. కానీ ఫోను ఒక్కోసారి దూరంగా ఉన్న అవతలి టవరుని పట్టుకుని వేలాడటం మాత్రం పోలేదు. ఆపి మళ్లీ వేస్తే దారికొస్తుంది. నాన్నగారికి ఈ ఒక్కటీ నేర్పండి, సగం రోజులు గడిచిపోతాయి.

మూడోది ఫోనుకి సంబంధించిందే. పాత కీప్యాడ్ ఫోను 2జీ మాత్రమే అందుకుంటుంది. కంపెనీలు కొన్నేళ్లుగా 2జీకి వాడే తరంగాలను తగ్గించి 4జీకి మళ్లిస్తున్నాయి. జియోకైతే మొదటినుంచీ 2జీయే లేదు, ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీ ఆపేసింది. కాబట్టి మీ ఊరి టవరు మీద కొత్తగా ఎన్ని పెట్టెలు బిగించినా మీ నాన్నగారి ఫోనుకి అవి కనిపించవు. దీనికి మందు కూడా చవకే: 4జీ కీప్యాడ్ ఫోను. బొత్తాలు అవే, టార్చి అదే, బొటనవేలికి అలవాటైన చోటే పచ్చమీట ఉంటుంది. కొనేటప్పుడు పెట్టె మీద "4జీ" అని ఉంటే సరిపోదు, వోల్టీ ఉందా అని అడగండి. 4జీ మీద మాట పోవాలంటే అది ఉండాలి. లేకపోతే కాలు చేసిన ప్రతిసారీ ఫోను మళ్లీ పాత 2జీలోకి జారుకుంటుంది, మీ కష్టం మొదటికొస్తుంది.

కానీ అది కూడా కొనే ముందు, ఏ కంపెనీ సిగ్నల్ మీ ఇంట్లోకి వస్తోందో తేల్చుకోవాలి. దీనికి నా పద్ధతి ఒకటుంది. పండక్కి ఇల్లంతా చుట్టాలే కదా. బావమరిది ఫోను, పిన్నిగారి ఫోను, మీది, వేరు వేరు సిమ్ములున్నవి మూడు తీసుకోండి. నాన్నగారు పడుకునే మంచం మీద కూర్చోండి. వసారాలో కాదు, డాబా మీద కాదు, ఆ మంచం మీదే. తలుపులు మూసి, మీరు మామూలుగా కాలు చేసే టైముకి, రాత్రి ఎనిమిదికో తొమ్మిదికో, ఒక్కో ఫోను నుంచి ఐదు నిమిషాలు మాట్లాడండి. గీతలు నమ్మకండి. ఎన్ని గీతలు చూపాలన్నది ఫోను తయారుచేసినవాడి ఇష్టం, ఒకే చోట ఒక ఫోను నాలుగు చూపితే ఇంకోటి రెండు చూపుతుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఫోను వివరాల్లో సిమ్ స్టేటస్ చూస్తే మైనస్ గుర్తుతో ఒక అంకె ఉంటుంది. 4జీలో మైనస్ 95 అయితే హాయి. మైనస్ 115 అయితే మాట తెగుతుంది. మైనస్ కాబట్టి అంకె చిన్నదైతేనే మేలు. కంపెనీల వెబ్‌సైట్లలో ఇప్పుడు కవరేజి మ్యాపులు కూడా ఉంటున్నాయి, చూడండి, తప్పులేదు. కానీ ఆ రంగు ఊరికి వేసింది, మీ నాన్నగారి గదికి కాదు.

బీఎస్‌ఎన్‌ఎల్‌ని కూడా ఆ మూడింట్లో ఒకటిగా పెట్టుకోండి. ఒకప్పుడు ఏజెన్సీ అంచు ఊళ్లలో పలికితే అదొక్కటే పలికేది, తర్వాత జనం వదిలేశారు. 2025 సెప్టెంబరులో దేశమంతా స్వదేశీ 4జీ మొదలుపెట్టారు కాబట్టి, ఐదేళ్ల కిందటి అనుభవంతో తీసిపారేయకుండా ఒకసారి మంచం పరీక్ష పెట్టి చూడండి.

ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్ అని అమ్మేవి మాత్రం కొనకండి. లైసెన్సు లేకుండా వాటిని పెట్టడం చట్టవిరుద్ధం. పైగా మీ ఇంట్లో పలుకుతుందేమో గానీ టవరుకి రొద పెరిగి చుట్టుపక్కల నాలుగిళ్లకి తెగుతుంది. మా వీధిలో ఒకాయన పెడితే చివరికి ఊరు ఊరంతా ఆయన మీద పడింది.

ఇంటికి ఫైబర్ కనెక్షన్ ఉంటే మాత్రం కథ మారుతుంది. అప్పుడు స్మార్ట్‌ఫోన్‌కి అర్థం ఉంది, వైఫై కాలింగ్ ఆన్ చేస్తే టవరుతో పనిలేకుండా మామూలు నంబరు మీదే మాట వెళుతుంది. కరెంటు పోతే రూటరు కూడా పోతుంది. మన వైపు కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా?

ఇక రీచార్జి దండగ విషయం. ఇక్కడ నాకు కొంచెం కడుపుమంట ఉంది, ఓపిక పట్టండి. 2006లో 999 రూపాయల లైఫ్‌టైమ్ కార్డులు నేనే ఎన్నో అమ్మాను. ఒక్కసారి కడితే జీవితాంతం నంబరు ఉంటుందని కంపెనీ కుర్రాడు చెప్పిందే నేను జనానికి చెప్పాను. 2018 చివర్లో నెలకి కనీసం 35 రూపాయలు వేయకపోతే ఫోను ఆపేస్తామన్నారు. ఆ వారం ఒక ముసలాయన, నాకు వరసకి మావయ్య, పన్నెండేళ్లనాటి ఆ కార్డు ముక్క జాగ్రత్తగా సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "లైఫంటే ఎవుడి లైఫురా? నానింకా బతికే ఉన్నాను గదేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ 35 నేనే వేసి పంపాను. కొట్టు మూయడానికి అసలు కారణం అందరూ ఫోన్లోంచే రీచార్జి చేసుకోవడం అనుకోండి, కానీ ఆ రోజు నుంచే నాకు మనసు విరిగింది.

మీకు పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఫోను కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన మార్చింది. డేటా అక్కర్లేనివాళ్లకి మాటలూ మెసేజులూ మాత్రమే ఉండే ప్యాకులు కంపెనీలు పెట్టాలి, వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. 2025 జనవరి నుంచి అవి వచ్చాయి. మొదట్లో ఏడాది ప్యాకులు రెండు వేల లోపే ఉండేవి, రేటు మారుతుంటుంది కాబట్టి చూసి వేయండి. యాప్ తెరవగానే కనిపించవు. రోజుకి ఒకటిన్నర జీబీ, రెండు జీబీ అంటూ పైన పరిచినవన్నీ దాటుకుని కిందకి వెళ్లి వెతకాలి. నాన్నగారికి నెలనెలా డేటా కొనడం, ఎడ్లు లేనింటికి గడ్డి తోలడం లాంటిది. ఏడాదికోసారి మీరే హైదరాబాద్ నుంచి వేసేస్తే ఆయనకి గుర్తుపెట్టుకునే బాధ ఉండదు.

కోపం వచ్చి ఆ నంబరు మాత్రం వదిలేయకండి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉండి, బ్యాలెన్సు 20 రూపాయలు కూడా లేకపోతే కంపెనీ దాన్ని తీసేసి కొన్నాళ్లకి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. బ్యాలెన్సులో 20 ఉంటే దాన్ని కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. 2008 నంబరంటే బ్యాంకు, ఆధార్, గ్యాసు, పింఛనో రైతు డబ్బులో అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. మా కొట్టు దగ్గరి ఒకావిడ కొడుకు దగ్గర చెన్నైలో నాలుగు నెలలుండి వచ్చేసరికి నంబరు పోయింది. బ్యాంకు ఓటీపీలు ఎవరికో వెళుతున్నాయి. అన్నిచోట్లా మార్పించుకోవడానికి ఆవిడ తిరిగిన తిరుగుడు నేను కళ్లారా చూశాను.

అందుకే కంపెనీ మార్చాల్సివస్తే నంబరుతో సహా పోర్ట్ చేయండి. కానీ ముందు ఆ సిమ్ము ఎవరి పేరున ఉందో చూసుకోండి. ఆ రోజుల్లో ఎవరి జిరాక్సు దొరికితే దాని మీద సిమ్ములు ఇచ్చేశారు. నేనూ అందుకు అతీతుణ్నేమీ కాదు. మీ నాన్నగారి నంబరు ఏ మేనత్త కొడుకు పేరునో ఉంటే ఆయన వేలిముద్ర వేసినా పని జరగదు. ఇప్పుడున్న కంపెనీ ఆఫీసులో అడిగితే చెబుతారు, టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో పండగ ముందే తేల్చుకోండి.

పేరు సరిగా ఉంటే, నాన్నగారి ఫోను నుంచే ఇంగ్లీషులో పోర్ట్ అని రాసి, ఖాళీ వదిలి, పది అంకెల నంబరు కొట్టి 1900కి మెసేజ్ పంపాలి. తిరిగి వచ్చే కోడు మన సర్కిల్లో 4 రోజులే పనిచేస్తుంది. అదీ, ఆధార్ కార్డూ, నాన్నగారూ, ముగ్గురూ కొత్త కంపెనీ షాపుకి వెళ్లాలి. ఒకే సర్కిల్ కాబట్టి 3 పనిదినాల్లో మారుతుంది. ఏపీ, తెలంగాణ రెండూ టెలికాం లెక్కలో ఇంకా ఒకటే సర్కిల్. కాబట్టి ఊళ్లో వీలుకాకపోతే నాన్నగారు మీ దగ్గరికి వచ్చినప్పుడు హైదరాబాద్‌లో చేయించినా అంతే. పాత సిమ్ పాడై దాని బదులు కొత్తది తీసుకుని ఉంటే 7 రోజులు ఆగాకే కోడు వస్తుంది. అలా కొత్త సిమ్ వేశాక మొదటి 24 గంటలు మెసేజులు ఆపుతారు, ఓటీపీ రాలేదని కంగారు పడొద్దు.

ఇంకో మాట. అమ్మగారికి కూడా ఫోను ఉంటే ఇద్దరికీ ఒకే కంపెనీ పెట్టకండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా అత్తవారు ఉద్దానంలో ఉన్నారు. కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలు పడిపోయాయి, టవర్లు బ్యాటరీ ఉన్నంతసేపు ఉండి చచ్చిపోయాయి. మా ఆవిడ రెండు రోజులు ఫోను చెవి దగ్గర నుంచి తీయలేదు. మూడో రోజు మా బామ్మర్ది కీప్యాడ్ ఫోను నుంచి కాలొచ్చింది. అతని సిమ్ కంపెనీ టవరుకి ఎవరో జనరేటరుకి డీజిలు పోశారట, పాత ఫోను కాబట్టి చార్జింగు ఇంకా మిగిలే ఉంది. ఇంట్లో మిగతా ముగ్గురివీ వేరే కంపెనీ సిమ్ములు, ఒక్కటీ పలకలేదు.

పోర్టు పని భోగి ముందురోజు మాత్రం మొదలుపెట్టకండి. నేను చెప్పింది 3 పనిదినాలు. పండగ సెలవులు అందులో లెక్కకు రావు, కోడుకేమో 4 రోజులే గడువు. మీ సెలవు అయిపోతుంది, మీరు ఆమదాలవలసలో రైలెక్కేస్తారు, నాన్నగారు చేతిలో రెండు సిమ్ములు పట్టుకుని ఏది ఎందులో వేయాలా అని చూస్తుంటారు. పదో తారీఖులోపు ఊరు చేరుకుంటే మంచం పరీక్ష, షాపు పని రెండూ అయిపోతాయి. పరీక్షలో ఏ కంపెనీకి ఎంత అంకె వచ్చిందో ఇక్కడ రాయండి, మీ ఇల్లు పెంకుటిల్లో శ్లాబో కూడా చెబితే మిగతాది చూద్దాం.