నాన్నను నేనే వదిలేస్తున్నానా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఎనిమిది నెలలుగా ఒక నర్సు ఇంటికే వచ్చి చూసుకుంటోంది. ఇక కీమో వద్దు, హాస్పిస్ (చివరి రోజుల్లో బాధ తగ్గించే) సేవలకు మారండి అన్నారు డాక్టరు. అమెరికాలో ఉన్న అన్నయ్య ‘డబ్బు నేను పంపిస్తా, ఐసీయూలో చేర్పించు’ అంటున్నాడు. నాన్నకు ఇంకా ఏమీ చెప్పలేదు. నేనే ఆయన్ను వదిలేస్తున్నానా?
– ఒక కూతురు, వరంగల్

జవాబు: వదిలేసేవాళ్లు ఎనిమిది నెలలు రాత్రుళ్లు మేలుకోరమ్మా.

హాస్పిస్ అనగానే ఊరి చివర మూసిన తలుపుల గది ఏదో కళ్ల ముందు మెదులుతుంది. చాలామందికి అది ఇంట్లోనే, అదే మంచం మీద జరిగే సేవ. ఇప్పటిదాకా నర్సు బీపీ, షుగరు చూసింది. ఇకపై వచ్చేవారు నొప్పి, ఆయాసం, నిద్ర, దిగులు చూస్తారు. తెలంగాణలో చాలా జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలా బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగాలున్నాయి, ఖర్చుండదు. ఇంటికి వచ్చే బృందం ఉందేమో అక్కడే అడగండి.

పాత నర్సును ఒక్కసారిగా మాన్పించకండి. ఆయన ఏ పక్కకు తిరిగితే మూలుగుతారో, గంజి ఎంత పలుచగా ఉంటే మింగుతారో ఆమెకే తెలుసు. కొత్తవారు వచ్చే మొదటి రెండు మూడు రోజులు ఆమెనూ ఉండమనండి. అన్నం తగ్గిందని బలవంతంగా తినిపించకండి. శరీరం నెమ్మదించే కొద్దీ ఆకలి దానంతటదే తగ్గుతుంది.

నొప్పికి మార్ఫిన్ రాస్తే, మత్తుమందని భయపడకండి. వైద్యానికి అది దొరకడం సులువు కావాలనే 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా, డాక్టరు చెప్పిన వేళకు గడియారం చూసి ఇవ్వాలి. దానితో వచ్చే మలబద్ధకానికి మందు మొదటి రోజే అడిగి తీసుకోండి.

ఇక మీ అన్నయ్య. దూరంగా ఉన్న కొడుకుల బాధ ఐసీయూ పేరుతో బయటపడటం నేను చాలా ఇళ్లలో చూశాను. ఆయనతో మీరు వాదించకండి. డాక్టరుతో వీడియోలో మాట్లాడించండి. ఐసీయూలో చేరిస్తే నాన్నకు ఏం తిరిగొస్తుందో డాక్టరునే అడగమనండి. ఆ డబ్బుతో టికెట్ కొనుక్కుని ఇప్పుడే రమ్మని కూడా చెప్పండి. తర్వాత వచ్చి ఏం లాభం?

నాన్నకు ఏమీ తెలియదని మీరు అనుకుంటున్నారు, నేను నమ్మను. ‘మీకు దేనికి భయంగా ఉంది నాన్నా?’ అని అడిగి, జవాబు వచ్చేదాకా మౌనంగా కూర్చోండి. ఆయన ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటే అంతవరకే చెప్పండి.

ఒక్క పని మాత్రం ఈ వారమే చేయాలి. అర్ధరాత్రి ఊపిరి మారితే కంగారులో 108కి ఫోను చేస్తారు, ఆయనకు వెంటిలేటర్ మీదే తెల్లవారుతుంది. ఆ వేళ ఎవరికి ఫోను చేయాలో, ఇంట్లోనే కన్నుమూస్తే మరణ ధ్రువీకరణ ఎవరిస్తారో బృందాన్ని ముందే అడిగి రాసుకోండి. ఆ నంబరు మీ ఒక్కరి ఫోనులోనే ఉంచుకోకుండా ఫ్రిజ్ మీద అంటించండి.